స్వతంత్ర సాహిత్య ప్రచురణ సంస్థలు

పెద్ద వ్యాపార కూటముల యాజమాన్యంలో లేకుండా, సొంత అభిరుచి, విలువల మేరకు రచనలను ఎంచి ప్రచురించే చిన్న సంస్థలను స్వతంత్ర సాహిత్య ప్రచురణ సంస్థలు అంటారు. వీటిలో ఒక పాయ వలస సమాజాలు, నల్లజాతివారు, స్త్రీలు, దళితులు, ఆదివాసులు, ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల రచనలనూ, ఇతర భాషల నుంచి వచ్చే అనువాదాలనూ ప్రధానంగా చేపట్టింది. ఈ పాయ 1960ల నుంచి లండన్, డెట్రాయిట్, న్యూయార్క్ వంటి నగరాల్లోనూ, 1980ల నుంచి ఢిల్లీ, హైదరాబాద్, కోల్‌కతా, చెన్నైలలోనూ బలపడింది. పాఠకులు లేరని మార్కెట్ తేల్చేసిన చోట పాఠకులను తయారు చేయడం వీటి ముఖ్యమైన పని. తీరా ఆ పాఠకులు తయారయ్యాక రచయితలూ పుస్తకాలూ పెద్ద సంస్థలకు తరలిపోవడం వీటి చరిత్రలో పదేపదే ఎదురయ్యే చిక్కు.

నేపథ్యం

పెద్ద ప్రచురణ సంస్థలో ఒక రాతప్రతిని తీసుకోవాలా వద్దా అన్నది చాలావరకు అమ్మకాల అంచనా మీద ఆధారపడుతుంది. అంతకుముందు వచ్చిన అలాంటి పుస్తకం ఎన్ని ప్రతులు పోయిందో చూసి ఈ అంచనా వేస్తారు. అలాంటి పుస్తకమే ఇదివరకు రాకపోతే లెక్క ఉండదు. లెక్క లేదు కాబట్టి పుస్తకం రాదు. ఒక పాకీ కార్మికురాలి జీవితకథకో, కరీబియన్ నుంచి లండన్ చేరిన బస్సు కండక్టరు కవిత్వానికో చాలాకాలం దారి దొరకకపోవడానికి వివక్షతో పాటు ఈ లెక్కల పద్ధతి కూడా కారణం.

యాజమాన్యాలు కలిసిపోవడంతో ఈ ఇరుకు పెరిగింది. పెంగ్విన్, ర్యాండమ్ హౌస్ 2013లో ఒక్కటయ్యాయి. ఆ ఉమ్మడి సంస్థ సైమన్ అండ్ షుస్టర్‌ను కూడా కొనబోతే 2022లో అమెరికా న్యాయస్థానం అడ్డుకుంది. ఇంగ్లీషు వాణిజ్య ప్రచురణలో సింహభాగం ఇప్పుడు అయిదు కూటముల చేతిలో ఉంది. కొత్త రచయిత తట్టగలిగే తలుపులు తగ్గేకొద్దీ చిన్న సంస్థల అవసరం పెరిగింది.

బ్రిటన్, అమెరికాలలో నల్లజాతి ప్రచురణలు

ట్రినిడాడ్ నుంచి వచ్చిన కవి, కార్మికోద్యమ నాయకుడు జాన్ లా రోజ్, సారా వైట్ కలిసి 1966లో లండన్‌లో న్యూ బీకన్ బుక్స్‌ను స్థాపించారు. బ్రిటన్‌లో తొలి కరీబియన్ ప్రచురణ సంస్థగా దీనికి పేరు. 1930లలో ట్రినిడాడ్‌లో వచ్చిన ‘ది బీకన్’ పత్రిక పేరునే దీనికి పెట్టుకున్నారు. కొంతకాలానికి ఫిన్స్‌బరీ పార్క్ ప్రాంతంలో వీరి పుస్తకాల దుకాణం స్థిరపడి, వలస కుటుంబాలకు, ఉపాధ్యాయులకు, విద్యార్థులకు కూడలి అయింది.

గయానాకు చెందిన జెస్సికా, ఎరిక్ హంట్లీ దంపతులు నడిపిన బోగల్-లూవెర్చూర్ పుట్టుక నేరుగా రాజకీయమైనది. చరిత్రకారుడు వాల్టర్ రాడ్నీ జమైకాలో అడుగుపెట్టకుండా 1968లో అక్కడి ప్రభుత్వం నిషేధించింది. ఆయన ప్రసంగాలను 1969లో పుస్తకంగా తెచ్చి ఈ సంస్థ మొదలైంది. ఐరోపా ఆఫ్రికాను ఎలా వెనక్కు నెట్టిందో చెప్పే రాడ్నీ ప్రసిద్ధ గ్రంథాన్ని 1972లో టాంజానియా ప్రచురణకర్తలతో కలిసి వెలువరించింది. 1980లో రాడ్నీ హత్యకు గురయ్యాక వీరి దుకాణానికి ఆయన పేరే పెట్టారు. న్యూ బీకన్, బోగల్-లూవెర్చూర్, ‘రేస్ టుడే’ పత్రిక బృందం కలిసి 1982లో నల్లజాతి, మూడో ప్రపంచ పుస్తకాల అంతర్జాతీయ ప్రదర్శనను ప్రారంభించాయి. అది 1995 దాకా సాగింది.

అమెరికాలో డెట్రాయిట్ కవి, గ్రంథపాలకుడు డడ్లీ ర్యాండల్ 1965లో బ్రాడ్‌సైడ్ ప్రెస్‌ను ఒక్కో కవితను ఒక్కో కాగితం మీద అచ్చువేసి అమ్మడంతో ప్రారంభించాడు. 1963లో బర్మింగ్‌హామ్ చర్చిలో బాంబు పేలి నలుగురు బాలికలు చనిపోయిన ఘటనపై ఆయన రాసిన కవిత ఈ వరుసలో మొదటిది. పులిట్జర్ బహుమతి పొందిన తొలి నల్లజాతి రచయిత్రి గ్వెండొలిన్ బ్రూక్స్ అప్పటిదాకా తన పుస్తకాలు వేసిన పెద్ద సంస్థను వదిలి, 1969లో తన కొత్త కవితల పుస్తకాన్ని బ్రాడ్‌సైడ్‌కు ఇచ్చింది. పేరున్న రచయిత చిన్న సంస్థ వైపు నడిచిన అరుదైన సందర్భమిది.

ఎదురు ప్రయాణాలే ఎక్కువ. నికొలాస్ కానెయోస్ 1979లో స్థాపించి, హ్యూస్టన్ విశ్వవిద్యాలయం నీడలో నడిపిన ఆర్తె పూబ్లికో ప్రెస్, మెక్సికన్-అమెరికన్ రచయిత్రి సాండ్రా సిస్నెరోస్ ‘ది హౌస్ ఆన్ మ్యాంగో స్ట్రీట్’ను 1984లో వెలువరించింది. 1991లో ఒక పెద్ద సంస్థ దాన్ని పేపర్‌బ్యాక్‌గా తెచ్చింది. ఆ తరవాత అది బడుల్లో పాఠ్యపుస్తకమై లక్షల ప్రతులు అమ్ముడుపోయింది.

స్త్రీవాద సంస్థలు

ఫ్లారెన్స్ హోవ్ 1970లో ప్రారంభించిన ఫెమినిస్ట్ ప్రెస్, 1973లో లండన్‌లో మొదలైన విరాగో మరుగునపడిన స్త్రీల రచనలను వెతికి మళ్లీ అచ్చువేయడాన్ని ఒక పద్ధతిగా స్థిరపరిచాయి. ఈ వెతుకులాటలో హైదరాబాద్‌కు పెద్ద వాటా ఉంది. సూసీ తారు, కె. లలిత సంపాదకత్వంలో ఫెమినిస్ట్ ప్రెస్ వెలువరించిన ‘విమెన్ రైటింగ్ ఇన్ ఇండియా’ రెండు సంపుటాల (1991, 1993) పని ఇక్కడి నుంచే సాగింది. 18వ శతాబ్దపు తంజావూరు కవయిత్రి ముద్దుపళని, ఆమె ‘రాధికాసాంత్వనము’ను 1910లో తిరిగి ముద్రించిన బెంగుళూరు నాగరత్నమ్మ, ఆ ముద్రణపై బ్రిటిష్ ప్రభుత్వం పెట్టిన నిషేధం ఈ సంపుటాల ద్వారానే అంతర్జాతీయ పాఠకులకు తెలిశాయి.

రచయిత్రి ఆడ్రీ లార్డ్ ప్రోద్బలంతో బార్బరా స్మిత్ 1980లో నెలకొల్పిన కిచెన్ టేబుల్ ప్రెస్, అమెరికాలో శ్వేతేతర స్త్రీల కోసం వారే నడుపుకున్న సంస్థ. ‘దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్’ సంకలనాన్ని 1981లో వేసిన మరో చిన్న సంస్థ మూతపడటంతో 1983లో కిచెన్ టేబుల్ దాన్ని తిరిగి తెచ్చింది. ఒక సంస్థ మూతపడితే దాని పుస్తకాలూ దాంతోపాటే మాయమయ్యే ప్రమాదం ఈ రంగంలో ఎప్పుడూ ఉంటుంది.

అనువాద ప్రచురణ

అమెరికాలో ఏటా అచ్చయ్యే పుస్తకాల్లో అనువాదాలు దాదాపు 3 శాతమేనన్న అంచనా ప్రచారంలో ఉంది. ఈ వెలితిని పూడ్చే పని చాలావరకు చిన్న సంస్థలదే. లండన్‌లో 2014లో ఏర్పడిన ఫిట్జ్‌కరాల్డో ఎడిషన్స్ జాబితాలోని స్వెత్లానా అలెక్సీవిచ్, ఓల్గా తొకార్చుక్, ఆనీ ఎర్నో, యోన్ ఫోసె నోబెల్ బహుమతి పొందారు.

స్టెఫాన్ టోబ్లర్ స్థాపించిన అండ్ అదర్ స్టోరీస్ 2011 నుంచి పుస్తకాలు తెస్తున్నది. ఇది చందాదారుల మీద నడుస్తుంది. పుస్తకం రాకముందే డబ్బు కట్టినవారి పేర్లను పుస్తకం చివర అచ్చువేస్తారు. ఒక్క ఏడాది స్త్రీల పుస్తకాలే వేయండని రచయిత్రి కమీలా షంసీ ప్రచురణరంగానికి విసిరిన సవాలును స్వీకరించి 2018లో అలాగే చేసింది. కన్నడ రచయిత్రి, న్యాయవాది బాను ముష్తాక్ కథల సంపుటి ‘హార్ట్ ల్యాంప్’ను దీపా భాస్తి అనువాదంలో తెచ్చింది ఈ సంస్థే. 2025లో దానికి ఇంటర్నేషనల్ బుకర్ బహుమతి వచ్చింది. ఒక కన్నడ పుస్తకానికి, ఒక కథాసంపుటికి ఆ బహుమతి దక్కడం అదే మొదలు.

అనువాదకురాలు డెబొరా స్మిత్ 2015లో ప్రారంభించిన టిల్టెడ్ యాక్సిస్ ప్రెస్, ఆసియా భాషల సమకాలీన రచనలకు పెద్దపీట వేసింది. గీతాంజలి శ్రీ హిందీ నవల ‘రేత్ సమాధి’ని డైసీ రాక్‌వెల్ ఇంగ్లీషులోకి తేగా ఈ సంస్థ ప్రచురించింది. 2022లో అదే ఇంటర్నేషనల్ బుకర్ గెలిచిన తొలి హిందీ నవల. 50,000 పౌండ్ల ఈ బహుమతిని రచయిత, అనువాదకులు సమానంగా పంచుకుంటారు. అందులో ప్రచురణకర్తకు వాటా లేదు. వారికి మిగిలేది పెరిగిన అమ్మకాలు, ఇతర దేశాల హక్కుల మీద కొంత ఆదాయం.

భారతదేశంలో

ఊర్వశీ బుటాలియా, రీతూ మీనన్ 1984లో ఢిల్లీలో స్థాపించిన కాళీ ఫర్ విమెన్ దేశంలో తొలి స్త్రీవాద ప్రచురణ సంస్థ. దాని పుస్తకాల్లో ‘శరీర్ కీ జాన్‌కారీ’ తయారైన తీరు గమనించదగ్గది. రాజస్థాన్ పల్లెలకు చెందిన 75 మంది స్త్రీలు ఆరోగ్య శిక్షణలో నేర్చుకున్నదాన్ని బొమ్మలతో పుస్తకంగా చేశారు. మొదట గీసిన నగ్న దేహాల బొమ్మలకు ఊళ్లో అభ్యంతరం వచ్చింది, మా ఊళ్లో ఆడవాళ్లు ఇలా కనిపించరని. అప్పుడు బట్టలు తొడిగిన బొమ్మ గీసి, దానిమీది కాగితపు మడత ఎత్తితే లోపలి శరీర భాగాలు కనిపించేలా మార్చారు. పుస్తకం మీద రచయిత్రులుగా ఆ 75 మందీ ఉన్నారు. పల్లెల్లో స్త్రీలకు తక్కువ ధరకే దీన్ని అమ్మారు. దుకాణం మొహం చూడకుండానే వేల ప్రతులు చెల్లిపోయాయి.

2003లో కాళీ రెండుగా విడిపోయి జుబాన్, విమెన్ అన్‌లిమిటెడ్ ఏర్పడ్డాయి. గుర్‌గావ్‌లో ఇంటిపని చేసుకుని బతుకుతూ బేబీ హాల్దార్ బెంగాలీలో రాసిన ఆత్మకథ, ఆమె యజమాని, ప్రేమ్‌చంద్ మనవడు ప్రబోధ్ కుమార్ అనువాదంతో మొదట హిందీలో వచ్చింది. దాన్ని 2006లో ఇంగ్లీషులోకి తెచ్చింది జుబానే.

కుల ప్రశ్న ఈ రంగంలోకి నెమ్మదిగా వచ్చింది. మందిరా సేన్ కోల్‌కతాలో నడిపిన సామ్య 1996లో కంచ ఐలయ్య ‘వై ఐ యామ్ నాట్ ఎ హిందూ’ను ప్రచురించింది. కులాన్నే కేంద్రంగా చేసుకుని ఎస్. ఆనంద్, డి. రవికుమార్ 2003లో నవయానను ప్రారంభించారు. అంబేడ్కర్ జీవితాన్ని పర్ధాన్ గోండు చిత్రకారులు దుర్గాబాయి, సుభాష్ వ్యామ్ బొమ్మల్లో చెప్పిన ‘భీమాయన’ (2011) దాని ప్రసిద్ధ ప్రచురణ. సంతాల్ సమాజానికి చెందిన రూబీ హెంబ్రోమ్ 2012లో కోల్‌కతాలో ఆదివాణిని మొదలుపెట్టారు. బయటివారు ఆదివాసుల గురించి రాసే అలవాటుకు భిన్నంగా, ఆదివాసులే తమ గురించి రాసుకునే చోటుగా అది నిలిచింది.

తెలుగులో

తెలుగులో ఈ తరహా పనికి మొదట గుర్తొచ్చే పేరు హైదరాబాద్ బుక్ ట్రస్ట్. సి.కె. నారాయణరెడ్డి, గీతా రామస్వామి తదితరులు 1980లో దీన్ని లాభాపేక్ష లేని ట్రస్టుగా నెలకొల్పారు. గీతా రామస్వామి విప్లవ రాజకీయాల నుంచి బయటికి వచ్చి ఈ పనిలోకి దిగారు. 1980ల్లో ఇబ్రహీంపట్నం ప్రాంతంలో వెట్టికి వ్యతిరేకంగా, భూమి కోసం దళిత కూలీలతో కలిసి పనిచేశారు. ట్రస్టు పుస్తకాల ఎంపికలో ఆ అనుభవం కనిపిస్తుంది.

అలెక్స్ హేలీ ‘రూట్స్’కు సహవాసి (జంపాల ఉమామహేశ్వరరావు) చేసిన సంక్షిప్త అనువాదం ‘ఏడు తరాలు’ ట్రస్టు తొలినాళ్ల పుస్తకం. ఆఫ్రికా నుంచి బానిసగా తరలించిన కుంటా కింటే వంశకథ తెలుగు పల్లెల్లో కార్యకర్తల చేతుల్లో, హాస్టళ్లలో, యువజన సంఘాల అలమరాల్లో తిరిగి ముద్రణ మీద ముద్రణ పొందింది. మహాశ్వేతాదేవి రచనల్లో ‘ఎవరిదీ అడవి’ వంటివీ, వైద్యం అందని పల్లెల కోసం డేవిడ్ వెర్నర్ రాసిన ఆరోగ్య పుస్తకమూ ఈ సంస్థ ద్వారానే తెలుగువారికి చేరాయి. గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన ‘నల్లపొద్దు’ తెలుగు దళిత స్త్రీల రచనలను ఒకచోట చేర్చింది. కమ్యూనిస్టు ఉద్యమంలో బతుకంతా గడిపిన కొండపల్లి కోటేశ్వరమ్మ ఆత్మకథ ‘నిర్జన వారధి’ 2012లో, ఆమెకు తొంభై దాటాక వెలువడింది. 2015లో వి.బి. సౌమ్య అనువాదంలో దాన్ని జుబాన్ ఇంగ్లీషులోకి తెచ్చింది.

‘ఒక హిజ్రా ఆత్మకథ’ ఈ పనికి మంచి ఉదాహరణ. తమిళనాడుకు చెందిన ఎ. రేవతి తన జీవితాన్ని తమిళంలో రాసుకున్నారు. వి. గీత ఇంగ్లీషు అనువాదం 2010లో వచ్చింది. దాని ఆధారంగా కథారచయిత్రి పి. సత్యవతి చేసిన తెలుగు అనువాదాన్ని ట్రస్టు ప్రచురించింది. హిజ్రాలను ఎగతాళికి, భయానికి తప్ప సాహిత్యం దగ్గరికి రానివ్వని భాషలో, వారిలో ఒకరు ‘నేను’ అంటూ పుస్తకం పొడుగునా మాట్లాడటం కొత్త. ఈ అనువాదానికి సత్యవతికి 2019 సంవత్సరపు కేంద్ర సాహిత్య అకాడెమీ అనువాద బహుమతి వచ్చింది.

గోగు శ్యామల కథలది వేరే దారి. తాండూరు ప్రాంతపు మాదిగ వాడల జీవితం, ఆ యాసలోనే ఉన్న ఈ కథలను పలువురు అనువాదకులు ఇంగ్లీషు చేయగా నవయాన 2012లో సంపుటిగా తెచ్చింది. పదేళ్లకు టిల్టెడ్ యాక్సిస్ బ్రిటన్‌లో ప్రచురించింది. వాడ నుంచి లండన్ దాకా ఈ పుస్తకాన్ని చేర్చినవి చిన్న సంస్థలే.

ఆర్థిక స్థితి

తెలుగులో సాహిత్య పుస్తకం తొలి ముద్రణ సాధారణంగా 500 లేదా 1,000 ప్రతులు. ముఖవిలువలో మూడో వంతు నుంచి సగం దాకా పంపిణీదారు, దుకాణదారు కమీషన్‌కు పోతుంది. మిగిలినదానిలో అనువాదకుడి పారితోషికం, డీటీపీ, ప్రూఫులు, కాగితం, అచ్చు, బైండింగ్, గోదాము అద్దె తేలాలి. అరువు మీద పోయిన ప్రతుల డబ్బు నెలల తరబడి రాదు. రచయితలు తమ పుస్తకం తామే అచ్చువేసుకునే అలవాటు తెలుగులో ఇంత పాతుకుపోవడానికి ఇదీ ఒక కారణం.

ఈ లెక్కలో చిన్న సంస్థను నిలబెట్టేది పాత పుస్తకాల జాబితా. కొత్త పుస్తకం మీద వచ్చే నష్టాన్ని ఏళ్ల తరబడి అమ్ముడుపోయే ‘ఏడు తరాలు’ వంటిది భరిస్తుంది. డిసెంబరులో హైదరాబాద్, జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనల్లో కమీషన్ లేకుండా నేరుగా అమ్ముకోవడం, గ్రంథాలయాల కొనుగోళ్లు, తపాలా అమ్మకాలు మిగతా ఆసరాలు. వీటిలో ఏ ఒక్కటి దెబ్బతిన్నా చిన్న సంస్థకు ఊపిరాడదు. రాయితీ మీద పుస్తకాలు పంపుకొనే రిజిస్టర్డ్ బుక్ పోస్ట్ సేవను 2024 డిసెంబరులో తపాలా శాఖ ఆపేయడంతో 100 రూపాయల పుస్తకం పంపడానికి అయ్యే ఖర్చు ధరతో పోటీపడే స్థితి అప్పట్లో వచ్చింది.

అమెరికాలోనూ ఆసరాలు బలహీనమే. దాదాపు 400 చిన్న సంస్థల పుస్తకాలను పంపిణీ చేసిన స్మాల్ ప్రెస్ డిస్ట్రిబ్యూషన్ అర్ధ శతాబ్దం పైగా పనిచేసి, 2024 మార్చిలో ఉన్నపళంగా మూతపడింది. గోదాముల్లో చిక్కిన పుస్తకాలు, రావలసిన బకాయిల కోసం ప్రచురణకర్తలు అవస్థపడ్డారు. బ్రిటన్‌లో ఆర్ట్స్ కౌన్సిల్ నిధులు, ఇంగ్లిష్ పెన్ అనువాద గ్రాంట్లు కొంత ఊతమిస్తాయి. భారతీయ భాషల్లో అలాంటి స్థిరమైన ఏర్పాటు అరుదు.

విమర్శలు

అణగారిన వర్గాల రచనలను ఎంచేవారు, సవరించేవారు, ముందుమాట రాసేవారు చాలాసార్లు ఆ వర్గాలకు చెందరు. ఈ ప్రశ్న 2014లో పెద్ద వివాదమైంది. అంబేడ్కర్ ‘కుల నిర్మూలన’ను నవయాన సవివరమైన పీఠికతో, వ్యాఖ్యలతో ప్రచురించి, పీఠికను అరుంధతీ రాయ్ చేత రాయించింది. అంబేడ్కర్ కంటే గాంధీయే అందులో ఎక్కువ చోటు ఆక్రమించాడనీ, దళితుల పుస్తకానికి దళితేతరుల సిఫారసు ఎందుకనీ పలువురు దళిత రచయితలు నిలదీశారు. విస్తృత పాఠకులకు చేరడమే ఉద్దేశమని సమర్థించినవారూ ఉన్నారు. ఆదివాణి వంటి సంస్థలు ఈ ప్రశ్నకు ఆచరణలో ఇచ్చిన జవాబు, ప్రచురణే తమ చేతుల్లోకి తీసుకోవడం.

రెండో విమర్శ రచయితలను ఒకే మూసలో బిగించడం గురించి. దళిత రచయిత నుంచి వేదనాభరితమైన ఆత్మకథ, ముస్లిం రచయిత్రి నుంచి పరదా కథ మాత్రమే ఆశిస్తే, వారు రాసే ప్రేమకథకూ హాస్యానికీ ప్రయోగాత్మక నవలకూ తలుపు మళ్లీ మూసినట్టే. మూడోది అనువాదకుల స్థానం. కవరు మీద అనువాదకుల పేరు వేయాలని జెన్నిఫర్ క్రాఫ్ట్ 2021లో చేపట్టిన ప్రచారానికి విస్తృత మద్దతు లభించింది. తెలుగులో పేరు కవరెక్కినా, పారితోషికం నామమాత్రంగానే ఉంటున్నది.

ప్రభావం

పాఠ్యప్రణాళికల్లో దళిత, స్త్రీవాద సాహిత్యాలకు చోటు దక్కడంలో, పెద్ద సంస్థలు అనువాదాలకు ప్రత్యేక విభాగాలు పెట్టుకోవడంలో ఈ చిన్న సంస్థల పాత్ర స్పష్టం. తెలుగులో ఛాయ, అన్వీక్షికి వంటి కొత్త సంస్థలు ఆన్‌లైన్ అమ్మకాల ఆసరాతో రంగంలోకి వచ్చాయి. పేరున్న బహుమతులు ఒకట్రెండు పుస్తకాలనే వెలుగులోకి తెస్తాయి. మిగతావాటి ఆయుష్షు పునర్ముద్రణల మీద ఆధారపడుతుంది. అందుకే ఇలాంటి సంస్థ పనిని కొలవడానికి ఆ ఏడాది వచ్చిన బహుమతి కంటే, ముప్పై ఏళ్ల కిందట వేసిన పుస్తకం ఇవాళ అడిగితే దొరుకుతుందా అన్నది మెరుగైన కొలత. ‘ఏడు తరాలు’ ఆ పరీక్షకు నిలిచింది. అదే కాలంలో వచ్చిన ఇతర చిన్న ప్రచురణలు చాలావరకు ఇప్పుడు పాత పుస్తకాల దుకాణాల్లో, వ్యక్తుల సేకరణల్లో వెతుక్కోవలసిందే. వాటిని తిరిగి అచ్చులోకి తేవడం, డిజిటల్ ప్రతులుగా భద్రపరచడం ఈ రంగం ముందున్న పెద్ద పని.